రాయి, కలకండ, చూయింగ్ గమ్

చింతామణిలో మా అంగట్లో గల్లాపెట్టె పక్కనే చూయింగ్ గమ్ సీసా ఉంటుంది. ఒకప్పుడు చిల్లర లేకపోతే పిల్లల చేతిలో పెట్టడానికే అది పనికొచ్చేది. ఇప్పుడు పెద్దవాళ్లే అడిగి కొంటున్నారు, అదీ చక్కెర లేనిది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మనవరాలూ అంతే. సాయంత్రమైతే బొరుగుల మీదికీ వేయించిన చెనిక్కాయల మీదికీ చెయ్యి పోకుండా ఒకటి నోట్లో వేసుకుంటుంది, ఒళ్లు తగ్గాలని. మొన్న ఏకాదశికి ఇంటికొచ్చి అడిగింది: "అవ్వా, ఇది నమిలితే ఉపవాసం చెడుతుందా? మింగేదేమీ లేదు కదా?"

చెడుతుందని వెంటనే అనేశాను. ఎందుకో చెప్పడానికి మాత్రం కాస్త ఆలోచించాల్సి వచ్చింది.

మొదట మా అమ్మ గుర్తొచ్చింది. బాగేపల్లిలో ఏకాదశినాడు గడిదం వెంకటరమణస్వామి గుడికి వెళ్లొచ్చాక పాలు తాగేది, పండు తినేది. వక్కపలుకు మాత్రం ముట్టేది కాదు. మామూలు రోజుల్లో ఆకూవక్క లేనిదే మాట పెగలని మనిషి. సంగటి మానడం ఆమెకు లెక్కే కాదు, వక్క మానడమే అసలు ఉపవాసం.

శాస్త్రమూ ఆ మాటే అంటుంది. ఉపవాసాన్ని చెరిపేవాటిలో పగటి నిద్రతోపాటు తాంబూలాన్నీ చేర్చారు, ఒక్కసారి నమిలినా సరే. వ్రతాన్ని చెరపనివి ఎనిమిదని మరో శ్లోకం ఉంది. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, మందు అందులోవే. అంటే కడుపు నింపే అరటిపండుకు సెలవుంది, కడుపుకేమీ పెట్టని తాంబూలానికి లేదు. ఆకలిని చూసి జాలిపడిన పెద్దలు నాలుక సరదాను చూసి జాలిపడలేదు.

ఒళ్లు తగ్గడం సంగతి కూడా చూద్దాం. గమ్ నమిలితే గంటకు ఖర్చయ్యేది సుమారు 11 కేలరీలని 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కొలత వచ్చింది. గుప్పెడు చెనిక్కాయల్లో దానికి పది రెట్ల పైనే ఉంటాయి. గమ్ నమిలితే చిరుతిండి కాస్త తగ్గిందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంవారు 2013లో ప్రచురించిన దాంట్లో మాత్రం, నమిలినవాళ్లు తక్కువసార్లు తిన్నా మొత్తం కేలరీలు తగ్గలేదు. పుదీనా రుచి నోట్లో ఉండేసరికి పండ్లు తినడం తగ్గింది, చిరుతిళ్లు తగ్గలేదు. ఆ శ్లోకం తినొచ్చన్న పండే దూరమైందన్నమాట!

నమిలే నోరు కడుపును కూడా నమ్మిస్తుంది. రష్యాలో పావ్లోవ్ కుక్కలకు తిండి పెట్టి, అది కడుపులోకి చేరకుండా గొంతు దగ్గరే బయటికి వచ్చేలా చేశాడు. అయినా కడుపులో జీర్ణరసం ఊరింది. జీర్ణక్రియ మీద చేసిన ఇలాంటి పరిశోధనలకే 1904లో ఆయనకు నోబెల్ వచ్చింది. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకు పేగులు మళ్లీ కదలడానికి డాక్టర్లు గమ్ నమలమనడం కూడా ఈ కిటుకుతోనే. అక్కడది మందు. మందుకు ఆ ఎనిమిదిట్లో చోటుంది కాబట్టి దాంతో నాకు పేచీ లేదు.

నోట్లో పెట్టుకుని మింగనిదాని కథ మా దగ్గరా ఒకటుంది. మా తాలూకాలోనే కైవారం ఉంది. అదే ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ణి చంపింది అక్కడేనని చెబుతారు. భీమలింగేశ్వరుడి గుడీ ఉంది. బండెడన్నం తినే రాక్షసుడి కథ ఉన్న ఆ ఊళ్లోనే నారేయణ తాతయ్య పుట్టాడు. 1726 నుంచి 1836 దాకా బతికాడంటారు. గాజులమ్ముకునే ఆయనకు పరదేశిస్వామి అనే గురువు ఒక గులకరాయి ఇచ్చి, నోట్లో పెట్టుకుని అష్టాక్షరి జపించు, అది కలకండ అయ్యేదాకా లేవొద్దు అన్నాడట. నరసింహస్వామి గుహలో కూర్చుంటే రాయి కలకండ అయింది. తెలుగులో, కన్నడలో కీర్తనలూ కాలజ్ఞానమూ ఆ తర్వాత వచ్చాయి.

చిన్నప్పుడు దీన్ని మహిమగా విన్నాను. ఇప్పుడు ఆ గురువు రాయినే ఎందుకు ఎంచుకున్నాడా అనిపిస్తుంది. గమ్ తీపితో మొదలై కాసేపటికి చప్పిడి ముద్దవుతుంది, అప్పుడు ఇంకోటి కావాలి. రాయి మొదటి నుంచీ చప్పిడే. నాలుక అడిగి అడిగి విసిగి ఊరుకుంటుంది. తీపి వచ్చింది అది ఊరుకున్నాకే. తిండి మానినవాడికి విషయాలు దూరమవుతాయి గానీ రుచి మీది ఆశ పోదని, పరమాత్మను చూసినప్పుడే అదీ పోతుందని గీత రెండో అధ్యాయం చెబుతుంది. భాగవతంలో అవధూత గాలానికి చిక్కిన చేపను గురువన్నదీ ఇందుకే. నాలుకను గెలవనివాడు ఏదీ గెలిచినట్టు కాదు.

ఇదంతా విని మనవరాలు నవ్వింది. "నాకు మోక్షం వద్దవ్వా, ఐదు కిలోలు తగ్గితే చాలు."

సబబే. మిగతా రోజుల్లో గమ్ ఆమె చేతిని బొరుగుల డబ్బా మీదికి పోనివ్వకపోతే నమలనీ, నేనే అమ్ముతాను. కానీ ఏకాదశికి ద్వాదశి పారణ ఉంది, నలుగురితో కూర్చుని తినే పూట ఉంది. ఒళ్లు తగ్గాలన్న ఆరాటానికి పారణ ఎక్కడుంది? అందుకే ఆ ఒక్కరోజు నోరు ఖాళీగా ఉంచమన్నాను. ఆకలి ఆగకపోతే దాచుకోకుండా అరటిపండు తినమన్నాను, వ్రతానికేమీ కాదు.