ఇరవై నిమిషాల న్యాయం

ఒకే చలనచిత్రాన్ని చూసిన ఇద్దరు వ్యక్తులు, ఇద్దరూ సత్యమే పలుకుతూ, అందులోని ఒక పాత్ర గురించి పరస్పర విరుద్ధమైన సాక్ష్యం చెప్పగలరా? కొన్నేళ్ల క్రితం ఒక ప్రభుత్వ అతిథి గృహంలో రాత్రి భోజనాల వేళ ఈ ప్రశ్న నాకు ఎదురైంది. సంగీతం గురించి సాగిన సంభాషణ ‘అమేడియస్’ చిత్రం వైపు మళ్లింది. ఆ చిత్రంలోని సాలియేరి అంటే నాకు జాలి అన్నాను. సహోద్యోగి ఒకరు ఆశ్చర్యపోయారు. “సాయం కోరి వచ్చిన ఇల్లాలిని అంత నీచంగా అవమానించినవాడి మీద మీకు జాలి ఎలా కలిగిందండీ?” అన్నారు. అటువంటి దృశ్యమే లేదని నేను, కళ్లారా చూశానని ఆయన. ఇద్దరమూ పట్టు విడువలేదు. తరువాత విచారించగా ఇద్దరమూ నిజమే చెప్పామని తేలింది. నేను విశ్వవిద్యాలయంలో చరిత్ర విద్యార్థిగా ఉన్న రోజుల్లో వీడియో క్యాసెట్టులో చూసినది 1984 నాటి తొలి పాఠం. ఆయన డీవీడీలో చూసినది 2002లో వెలువడిన ‘దర్శకుని కూర్పు’. రెండింటికీ నిడివిలో తేడా దాదాపు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలలో ఒక మనిషి శీలమే మారిపోయింది.

ఈ చిత్రానికి మూలం పీటర్ షాఫర్ రచించగా 1979లో లండన్‌లో ప్రదర్శితమైన నాటకం. దర్శకుడు మిలోష్ ఫోర్మన్. పద్దెనిమిదవ శతాబ్దపు వియన్నా నగరంలో ఆస్థాన సంగీత విద్వాంసుడైన ఆంటోనియో సాలియేరి, తనకంటే చిన్నవాడైన మొజార్ట్ ప్రతిభను చూసి లోలోపల దహించుకుపోవడం ఇందులోని ఇతివృత్తం. భక్తితో, బ్రహ్మచర్యంతో, కఠోర శ్రమతో దైవాన్ని సేవించిన తనకు మధ్యమ ప్రతిభను ప్రసాదించి, అల్లరి చిల్లరగా తిరిగే యువకునికి దివ్యసంగీతాన్ని అనుగ్రహించిన భగవంతునిపై సాలియేరి సాగించిన యుద్ధం అది. వృద్ధుడై, మానసిక చికిత్సాలయంలో ఉంటూ, ఒక మతాచార్యుని ఎదుట ఆయన ఆ కథను చెప్పుకొంటాడు. ఈ చిత్రానికి ఎనిమిది ఆస్కార్ పురస్కారాలు లభించాయి. సాలియేరిగా నటించిన ఎఫ్. మరే ఏబ్రహాం ఉత్తమ నటుడయ్యాడు.

వివాదానికి మూలమైన ఘట్టాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరం. మొజార్ట్ భార్య కాన్‌స్టాన్జె భర్తకు తెలియకుండా అతని స్వరలిపి ప్రతులను తీసుకొని సాలియేరి ఇంటికి వస్తుంది. ఇంట్లో ఇబ్బందులున్నాయి, భర్తకు ఒక ఉద్యోగం ఇప్పించమని ప్రాధేయపడుతుంది. ప్రతులను తిరగేసిన సాలియేరి నిశ్చేష్టుడవుతాడు. అవి తొలి రాతప్రతులు, ఎక్కడా కొట్టివేత లేదు. ఆయన చేతుల్లోనుంచి కాగితాలు జారిపోతాయి. తొలి పాఠంలో ఆయన మారుమాట లేకుండా ఆ గదినుంచి నిష్క్రమిస్తాడు, ఆ తరువాత గోడమీది శిలువను అగ్నికి ఆహుతి చేస్తాడు. నేను చూసినది ఇంతే. ఇక్కడ ఆయన అపరాధం దైవం పట్ల మాత్రమే. కాన్‌స్టాన్జె దానికి ఒక మూగ సాక్షి.

దీర్ఘపాఠంలో ఈ రెండు సంఘటనల నడుమ మరో కథ ఉంది. ఉపకారానికి ప్రత్యుపకారం కావాలని, ఆ రాత్రి ఒంటరిగా రమ్మని సాలియేరి ఆమెకు సూచిస్తాడు. ఆమె వస్తుంది. భర్త కోసం, గత్యంతరం లేక, వివస్త్ర కావడానికి సిద్ధపడుతుంది. అప్పుడు సాలియేరి గంట మోగించి, సేవకుని పిలిచి, ఈమెను బయటికి పంపించమని ఆదేశిస్తాడు. ఇల్లు చేరి ఆమె కుమిలి కుమిలి ఏడుస్తుంది. ఈ పాఠాన్ని చూసినవారికి సాలియేరి భగవంతునితో వ్యాజ్యమాడిన అభాగ్యుడు మాత్రమే కాదు. అధికారస్థానంలో కూర్చుని, అర్జీ పట్టుకు వచ్చిన స్త్రీ నిస్సహాయతతో క్రీడించినవాడు కూడా.

విశేషమేమంటే, తొలి పాఠంలో ఈ దృశ్యాన్ని తొలగించినా దాని జాడ పూర్తిగా చెరగలేదు. చిత్రం చివర, మొజార్ట్ మృత్యుశయ్యపై ఉండగా ఇంటికి తిరిగివచ్చిన కాన్‌స్టాన్జె అక్కడ సాలియేరిని చూసి, వెళ్లిపొమ్మంటుంది. మిమ్మల్ని సాగనంపడానికి మాకు సేవకులు లేరు, విచారిస్తున్నాను అని కూడా అంటుంది. క్యాసెట్టులో చూసిన నాడు దానిని పేదరికం పలికించిన ఎత్తిపొడుపు అనుకున్నాను. అంత కటుత్వం ఎందుకో అంతుపట్టలేదు. దీర్ఘపాఠం చూశాక తెలిసింది, అది ఆనాటి గంటకు చెల్లించిన బదులు. ఫైళ్లతో కాలం గడిపే నావంటివారికి ఇది పరిచితమైన అనుభవమే. నడుమ ఒక కాగితాన్ని తీసివేసినా పుటసంఖ్యలు మిగిలి ఉంటాయి, ఇరవై మూడు తరువాత ఇరవై ఆరు వస్తుంది.

ఆ దృశ్యాన్ని తొలుత ఎందుకు తొలగించినట్లు? సంగీత వీడియోలు రాజ్యమేలుతున్న కాలంలో, శాస్త్రీయ సంగీతకారునిపై తీసిన సుదీర్ఘ చిత్రాన్ని ప్రేక్షకులు భరించగలరా అన్న సందేహంతో, కథకు ప్రత్యక్షంగా సంబంధం లేదనిపించిన భాగాలను తగ్గించామని ఫోర్మన్ తరువాతి కాలంలో వివరించారు. దురుద్దేశం లేదు. నిడివి ఒక్కటే కారణం. ఈ కారణాన్ని నేను తేలికగా కొట్టిపారవేయలేను. ఎందుకంటే నేనూ ఒకసారి సరిగ్గా ఇదే కారణంతో, ఇదే పని చేశాను.

ఉద్యోగ జీవితపు తొలి సంవత్సరాలలో ఒక అధికారిపై వచ్చిన నిధుల దుర్వినియోగం ఆరోపణను విచారించే బాధ్యత నాకు అప్పగించారు. సాక్షులలో ఒక వితంతువు ఉన్నారు. తన పింఛను అర్జీ విషయమై ఆ అధికారి తనను ఎన్నిసార్లు తిప్పించుకున్నదీ, పదిమంది ఎదుట ఎంత హేళనగా మాట్లాడినదీ ఆమె చెప్పారు. అంతా నమోదు చేశాను. పై అధికారులకు నాలుగు పుటలకు మించని సారాంశం పంపమని ఆదేశం వచ్చింది. ఆరోపణ నిధులకు సంబంధించినది, ఆమె మాటలు మర్యాదకు సంబంధించినవి. వాటిని వదిలివేశాను. నిధుల ఆరోపణ రుజువు కాలేదు, అధికారి నిర్దోషిగా బయటపడ్డారు. కొన్నాళ్లకు ఆమె నా గది వాకిట నిలబడి, “నేను చెప్పింది తమరు రాయలేదా అయ్యగారూ?” అని అడిగారు. రాశానమ్మా, ఫైలులో ఉంది అన్నాను. అది అబద్ధం కాదు. కానీ నిర్ణయం తీసుకున్నవారు చదివినది ఆ నాలుగు పుటలే.

కుదింపు ఎన్నడూ తటస్థమైన పని కాదని నాకు ఆ రోజున బోధపడింది. దేనిని ‘అప్రస్తుతం’ అంటున్నామో అక్కడే మన తీర్పు దాగి ఉంటుంది. అధికారికి ఎదురుపడినది దైవమో, ఖజానానో అయితే దానిని ప్రధాన కథగా పరిగణించాం. ఎదురుపడినది ఒక సామాన్య స్త్రీ అయినప్పుడు దానిని ఉపకథగా పక్కన పెట్టాం.

అట్లయితే దీర్ఘపాఠమే ధర్మపాఠమని, తొలి పాఠం త్యాజ్యమని తేల్చవచ్చునా? తేల్చరాదనే నా అభిప్రాయం. అందుకు రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది, తొలి పాఠం ఒక చారిత్రక వాస్తవం. 1984లో లోకం చూసినది, పురస్కారాలు పొందినది, సాలియేరి అనే నామాన్ని అసూయకు పర్యాయపదంగా మార్చినది ఆ పాఠమే. అయినా 2002 తరువాత అదే అలభ్యమైంది. 1997 నాటి తొలి డీవీడీలోనూ, పాత క్యాసెట్లలోనూ తప్ప అది దొరకని స్థితి ఏర్పడింది. 2009లో వచ్చిన బ్లూరే డిస్కులో కూడా దీర్ఘపాఠమే ఉంది. 2019లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ఈ చిత్రాన్ని జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చుకున్న నాటికి సైతం, బహుమతులందుకున్న పాఠం కొత్త డిస్కుగా అంగడిలో లేదు. చివరికి అది పునరుద్ధరణ పొంది 2025లో 4కే డిస్కుగా వెలువడింది. అప్పటికి షాఫర్ (2016), ఫోర్మన్ (2018) ఇద్దరూ కీర్తిశేషులు.

కర్తకు తన కృతిని సవరించుకునే హక్కు ఉంది. షాఫర్ తన నాటకాన్ని లండన్ ప్రదర్శన తరువాత న్యూయార్క్ కోసం తిరగరాశారు. సవరణ రచయితకు సహజ ధర్మం. కానీ సవరించే హక్కులో పాతదానిని అదృశ్యం చేసే హక్కు ఇమిడి లేదు. పాలనలో మనకు ఒక సత్సంప్రదాయం ఉంది. ప్రతి సవరణ ఉత్తర్వూ పాత ఉత్తర్వు సంఖ్యను, తేదీని పేర్కొంటూ ఆరంభమవుతుంది. మార్చినవాడు మార్చానని చెప్పాలి, దేనిని మార్చాడో చూపాలి. ఇది కేవలం కార్యాలయ విధానం కాదు, సత్యం పట్ల పాటించవలసిన మర్యాద.

మన దేశంలో ఈ మర్యాదకు మహోన్నత నిదర్శనం పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ముద్రణ. వెయ్యికి పైగా రాతప్రతులను పరిశీలించిన ఆ పండితులు, ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టంలో ఆమె శ్రీకృష్ణుని ప్రార్థించే భాగాన్ని మూలపాఠంలో చేర్చలేదు. ఆ ప్రార్థన ఉన్న పాఠంలో నిండుసభలో నిస్సహాయురాలైన స్త్రీని భగవంతుడు ఆదుకుంటాడు. లేని పాఠంలో సభాసదుల మౌనం మరింత భయంకరంగా వినిపిస్తుంది. ఒక భాగం చేరికతో, తొలగింపుతో ధర్మప్రశ్న స్వరూపమే మారుతుంది. అయినా సంపాదకులు ఆ భాగాన్ని పారవేయలేదు. పుట అడుగున భద్రంగా ముద్రించారు. తీర్పు చెప్పారు, సాక్ష్యాన్ని మాత్రం దాచలేదు.

రెండవ కారణం ఇంకా గంభీరమైనది. సాలియేరి కల్పిత పాత్ర కాదు. ఆయన 1750లో జన్మించి 1825లో మరణించిన వాస్తవ వ్యక్తి. బీతోవెన్, షుబర్ట్, లిస్ట్ వంటివారికి గురువు. చిత్రంలోని బ్రహ్మచారి నిజజీవితంలో ఎనిమిదిమంది బిడ్డల తండ్రి. మొజార్ట్ చేత మృత్యుగీతాన్ని రాయించుకున్నది ముసుగులోని సాలియేరి కాదు, వాల్సెగ్ అనే ఒక ప్రభువు. 1791 అక్టోబరులో మొజార్ట్ తన ‘మాయా వేణువు’ సంగీత నాటకానికి సాలియేరిని స్వయంగా తోడుకొని వెళ్లాడు. ఆయన ఎంత ఆదరంగా విన్నదీ, ఎంతగా మెచ్చుకున్నదీ భార్యకు లేఖలో సంతోషంగా వివరించాడు. మొజార్ట్ మరణానంతరం అతని చిన్న కుమారునికి సంగీతం నేర్పినవారిలో సాలియేరి ఒకరు. అయినా విషం పెట్టాడన్న వదంతి ఆయనను వృద్ధాప్యంలోనే చుట్టుముట్టింది. ఆయన మరణించిన ఐదేళ్లకు, 1830లో, పుష్కిన్ దానికి నాటకరూపం ఇచ్చాడు.

అంటే నేను జాలిపడిన సాలియేరి, నా సహోద్యోగి ఏవగించుకున్న సాలియేరి, ఇద్దరూ కల్పితులే. మా వాదంలో స్థానం లేనివాడు అసలు మనిషి ఒక్కడే. కల్పనకు స్వేచ్ఛ ఉండాలి, అందులో సందేహం లేదు. ఈ చిత్రం అసూయ గురించి చెప్పిన సత్యం అమూల్యమైనది. అయితే గతించినవారు ప్రత్యుత్తరం దాఖలు చేయలేరు. అందుచేత వారి పేరు వాడుకొన్న ప్రతి కూర్పూ తన తేదీతో, తన పేరుతో నిలిచి ఉండటం వారికి మనం చేయగల కనీస న్యాయం. పాఠాలు రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే, ఇది ఒకరి కూర్పు, మరొక విధంగానూ ఉండవచ్చు అన్న స్పృహ ప్రేక్షకునికి కలుగుతుంది. ఒకే పాఠం మిగిలితే అది చరిత్రగా చలామణి అవుతుంది.

ఆలస్యంగా జరిగే పునరుద్ధరణ అన్నిటినీ తిరిగి ఇవ్వలేదన్నదీ నిజమే. మొజార్ట్ పాఠం చెప్పడానికి వెళ్లే ఇంటి యజమానిగా కెనెత్ మెక్‌మిలన్ అనే నటుడు నటించాడు. తొలి పాఠంలో ఆయన పాత్ర పూర్తిగా తొలగిపోయింది. అది 2002లో తిరిగి తెరకెక్కింది. ఆయన 1989లోనే కన్నుమూశాడు.

నా విషయానికి వస్తే, ఆ వితంతువు ప్రశ్న తరువాత నేను పాత సారాంశాన్ని దిద్దలేదు. దాని సంఖ్యను, తేదీని ఉటంకిస్తూ, ఆమె వాంగ్మూలాన్ని యథాతథంగా జతపరచి, మునుపటి సారాంశంలో దీనిని నేనే వదిలివేశానని ఒక అనుబంధ నివేదిక పంపాను. అది చేరేనాటికి ఆ అధికారి పదవీ విరమణ పొందారు. ఆమెకు దానివల్ల ఒరిగినది ఏమీ లేదు. కాని ఆ ఫైలును ఇకపై తెరిచేవారు రెండు పాఠాలనూ చదువుతారు.

సాలియేరి ఫైలు కూడా మూతపడలేదు. 1785లో ఒక గాయని తిరిగి ఆరోగ్యం పొందిన సందర్భంగా మొజార్ట్, సాలియేరి, మరొకరు కలిసి కూర్చిన గీతం ఒకటి చిరకాలం కనబడకుండా పోయింది. దాని ముద్రిత ప్రతిని 2015లో గుర్తించారు. లభించినది ప్రాగ్ నగరంలోని చెక్ సంగీత మ్యూజియంలో. బద్ధవైరులని లోకం నమ్మిన ఇద్దరి స్వరాలు పక్కపక్కన ఉన్న ఆ పుటలు, ‘అమేడియస్’ చిత్రీకరణ జరిగిన నగరంలోనే దొరికాయి.