ఊరి పేరు ఎవరి సొత్తు?

సూరతు నగరములో పాండేసరా చెంత బమ్రోలి యను చోటు గలదు. మరమగ్గముల మ్రోత అక్కడివారికి ఊపిరివంటిది. తెలంగాణ పల్లెల నుండి వలస వెళ్లిన తెలుగు నేతపనివారు సూరతులో వేలాదిగా నున్నారు. ఒడిశాలోని గంజాం నుండి వచ్చిన కార్మికులును అట్లే యున్నారు. “నీవు ఈ ఊరివాడవు కావు” అను మాట ఇట్టి చోట ఎన్నడో ఒకనాడు చెవిని పడక మానదు. ఆ మాట పడినవాడు ఏమని బదులు చెప్పవలెను?

భాషాశాస్త్రము అతనికి ఒక జవాబును అందించుచున్నది. పశ్చిమ తీరమున బోరివలి, డోంబివలి మొదలగు పేర్ల తుదనున్న ‘వలి’ పూర్వపు ‘పల్లి’ అరిగి ఏర్పడినదని పండితులు పలువురు తలంచుదురు. బమ్రోలిలోని ‘ఓలి’యు ఆ ధ్వనినే తలపించును. పల్లి యనునది మన పల్లెయే, కన్నడిగుల హళ్ళియే. ద్రావిడ భాషలనుండి సంస్కృతములోనికి వెళ్లినదని అనేకుల అభిప్రాయము. అట్లయిన, “మా మాట మీ ఊరి పేరులోనే యున్నది, పరాయివారము మేమెట్లగుదుము?” అని తెలుగువాడు ఎదురాడవచ్చును.

ఈ జవాబు తియ్యనిది. తియ్యనిది గనుకనే దానిని పరీక్షింపవలెను. మాట ముందు వచ్చినంత మాత్రమున మన్ను మనదగునా? అట్లయినచో సిరిసిల్లలో మరమగ్గమును ‘సాంచా’ అందురు. గుజరాతీలో యంత్రమును ‘సంచో’ అందురు. ఆ మాట పేరిట గుజరాతీయుడు వచ్చి సిరిసిల్లను అడిగిన ఇత్తుమా?

మాటను కొలతబద్దగా నిలిపిన దినమొకటి న్యాయాధిపతుల గ్రంథము పండ్రెండవ అధ్యాయములో నున్నది. యెఫ్తా పక్షపు గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటవచ్చినవానిచేత ‘షిబ్బోలెతు’ అని పలికించిరి. ఎఫ్రాయిమీయుని నాలుకకు ‘సిబ్బోలెతు’ అని వచ్చెను. ఆ ఒక్క అక్షరమునకు నలువది రెండువేలమంది కూలిరి. ఆ మాటకు ధాన్యపు కంకి యని అర్థము. అన్నము పెట్టు మాటతో ప్రాణము తీసిరి! పైగా ఇరుపక్షములవారు ఒకే యాకోబు సంతానము. మూలము వెదకినచో వారు అన్నదమ్ములే. ఆ మూలము అక్కడ ఎవనిని కాపాడలేదు.

గిలాదువారు మాత్రము పుట్టుకతో క్రూరులా? ‘మీరు పారిపోయి వచ్చినవారు’ అని ఎఫ్రాయిమీయులు ముందు వారిని ఎత్తిపొడిచిరి. నింద పడినవాడే రేవు చేజిక్కగానే కావలివాడాయెను. సూరతులో పరాయివాడనిపించుకొన్న తెలుగువాడు తన ప్రక్క మగ్గము దగ్గర నిలిచిన ఒడియా యువకుని హిందీని వెక్కిరించినప్పుడు, అదే రేవున నిలిచియున్నాడు.

లండను మిషనరీ సంఘపు క్రాను, డెగ్రాంజిసు 1805లో విశాఖపట్టణమునకును, అదే సంఘపు స్కిన్నరు, ఫైవీ 1815 ప్రాంతమున సూరతునకును వచ్చిరి. ఒకరు తెలుగులోనికి, ఒకరు గుజరాతీలోనికి లేఖనములను తెచ్చుటకు పాటుపడిరి. ఈ రెండు భాషలలోని ళకారము, ణకారము ఆ దేశస్థుల నాలుకకు సులువుగా లొంగవు. ఉచ్చారణ సరిలేదని తోలివేసియున్నచో వారిలో ఒక్కడును రేవు దాటియుండడు.

ప్రధానయాజకుని ముంగిట పేతురును పట్టియిచ్చినదియు అతని గలిలయ యాసయే. ఏడు వారములు గడచిన పిమ్మట పెంతెకొస్తు దినమున, మాటలాడుచున్నవారు గలిలయులే యని యెరూషలేములోని జనులు గుర్తుపట్టిరి. గుర్తుపట్టియు, ఎవరి జన్మభాషలో వారు వినుచు నిలిచిరి.