ఎనిమిదింటిలో ఒకటే కర్మ

రాజగృహంలోని వేణువనంలో మోళియ శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సూటిగా అడిగాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసుకున్నదాని ఫలమేనని కొందరు శ్రమణులు, బ్రాహ్మణులు చెబుతున్నారు, మరి మీరేమంటారు?

మన ఊళ్లలో దీనికి జవాబు ఎప్పుడో ఖాయమైపోయింది. మోకాళ్లు పట్టేసినా, నడుము లేవనివ్వకపోయినా 'ఏ జన్మలో ఏం పాపం చేశానో' అంటారు.

బుద్ధుడు మాత్రం ఒప్పుకోలేదు. సంయుత్త నికాయంలోని శివక సుత్తం ప్రకారం బాధకు ఆయన ఎనిమిది కారణాలు చెప్పాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసి ప్రకోపించడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బలు తగలడం, చివరగా కర్మఫలం. పైత్యం చేస్తే ఆ సంగతి మనిషికి స్వయంగా తెలుస్తుంది, లోకమూ ఒప్పుకుంటుంది. అన్నిటినీ కర్మకు ముడిపెట్టేవాళ్లు ఈ రెండు ప్రమాణాలనూ కాదని మాట్లాడుతున్నారనీ, అది తప్పనీ ఆయన తేల్చాడు.

ఆరో కారణం దగ్గర కాస్త ఆగాలి. పాళీ వ్యాఖ్యానం దానికిచ్చిన ఉదాహరణలు పెద్ద బరువులు మోయడం, సున్నం దంచడం, వేళకాని వేళ తిరిగి పాముకాటుకు గురికావడం, నూతిలో పడటం. అన్నీ కష్టజీవులకు ఎదురయ్యేవే. రోజంతా వంగి నాట్లు వేసే కూలీ నడుము నొప్పి, తల దించుకుని గంటల తరబడి బీడీలు చుట్టే మహిళ మెడనొప్పి ఈ పద్దులోకే వస్తాయి.

ఆ బుద్ధుడికీ నడుము నొప్పి తప్పలేదు. కపిలవస్తులో శాక్యులు కట్టించిన కొత్త సభాగృహంలో రాత్రి చాలాసేపు బోధించాక, నడుము నొప్పిగా ఉంది, మిగతాది నువ్వు చెప్పమని శిష్యుడు ఆనందుడికి అప్పగించాడు. పై వస్త్రాన్ని నాలుగు మడతలు వేసి పరుచుకుని, కుడిపక్కకు తిరిగి పడుకున్నాడు. అంతటివాడికి బాధేమిటన్న సందేహం తర్వాతి కాలంలో మిలింద రాజుకు వచ్చింది. ఆయనకు జవాబిచ్చిన బౌద్ధ భిక్షువు నాగసేనుడు మళ్లీ ఆ ఎనిమిదీ చెప్పి, కర్మవల్ల పుట్టేది కొంచెమే, మిగతావాటివల్ల పుట్టేదే ఎక్కువ అన్నాడు.

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఈ మాటకు సాక్ష్యం మనుషుల ఎముకల్లోనే ఉంది. వెన్ను బిగుసుకుపోయి, కాళ్లు వంకరపోయి, మంచం దిగలేని బతుకులవి. కారణం తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ప్రమాదమే. దేశంలో ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, తొలిసారి గుర్తించింది కూడా తెలుగు నేలమీదే, 1937లో నాటి నెల్లూరు జిల్లాలో. దీన్ని ఖర్మ అని సరిపెట్టుకుంటే బావి నీళ్లను పరీక్షించేవాళ్లే ఉండరు.

నేటి వైద్యం బుద్ధుడు చెప్పిన కారణాల జాబితాను ఇంకా పెంచింది. నొప్పి మీద శారీరక, మానసిక, సామాజిక కారణాలన్నీ పనిచేస్తాయని నొప్పి అధ్యయనాల అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన నిర్వచనానికి జోడించిన వివరణలో చెప్పింది. నిద్ర చాలకపోతే నొప్పి పెరుగుతుంది, దిగులుతోనూ పెరుగుతుంది.

కర్మ మీది నమ్మకం బాధపడేవారికి ఓర్పునిస్తుందన్నది నిజమే. తన బాధ గురించి తాను అనుకుంటే అది ఊరట. అదే మాట పక్కవాళ్లు అంటే నింద, పైగా వెతకాల్సిన కారణాన్ని కప్పేసే నింద. ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే, ఏం పని చేస్తున్నారు, ఏ నీళ్లు తాగుతున్నారు, రాత్రి నిద్ర పడుతోందా, మనసులో దిగులేమైనా ఉందా అని అడగండి. ఎవరైనా కొడుతున్నారా అని కూడా అడగండి. తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.