డ్యామేజ్ ఏమీ కాలేదు కదా సార్?



ధర్మం అనగానే మనకు కురుక్షేత్రమో దండకారణ్యమో గుర్తొస్తుంది. ఈ వారం వీడియోలో ‘న్యాసం’ గురించి మాట్లాడుకున్నాం. ఒకరు మనల్ని నమ్మి మన దగ్గర ఉంచిన వస్తువుకి మన పెద్దలు పెట్టిన పేరు అది. టైమ్ సరిపోక వీడియోలో వదిలేసిన ఒక ఉదాహరణ ఇక్కడ రాస్తున్నాను. దీనికి అడవుల దాకా వెళ్లక్కర్లేదు, కార్ సర్వీస్ సెంటర్ దాకా వెళ్తే చాలు.

కారున్న వాళ్లకి ఈ తంతు తెలిసిందే. పొద్దున్నే బండి తీసుకెళ్తాం. సర్వీస్ అడ్వైజర్ చుట్టూ తిరిగి గీతలు, సొట్టలు రాసుకుంటాడు. మీటర్ ఎంత చూపిస్తోందో, పెట్రోల్ ఎంతుందో జాబ్ కార్డులో ఎక్కిస్తాడు. మనం సంతకం పెట్టి, తాళం ఆయన చేతిలో పెట్టి, ఆటో ఎక్కి ఆఫీసుకి వెళ్లిపోతాం. సాయంత్రం దాకా ఆ కారుని ఎవరు నడిపారో, ఎలా నడిపారో మనకి తెలీదు. ఆ సంతకంతో మనం నిజంగా ఏం ఇచ్చినట్టు?

ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక సర్వీస్ సెంటర్‌లో నా కారు ఇచ్చాను. పేరు ఇక్కడ అనవసరం. బ్రేక్ తొక్కితే కీచుమని శబ్దం వస్తోందని కంప్లైంట్. సాయంత్రానికి శబ్దం పోయింది, పని బాగానే చేశారు. కానీ మీటర్ పదిహేడు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది. ఇంటికొచ్చి డ్యాష్‌క్యామ్ మెమరీ కార్డు తీసి చూశాను. మొదటి రెండు కిలోమీటర్లు అసలైన టెస్ట్ డ్రైవే. నెమ్మదిగా వెళ్లడం, బ్రేక్ వేసి వినడం, మళ్లీ కదలడం. తర్వాత ఇంకో కుర్రాడు ఎక్కాడు. పాట సౌండ్ పెరిగింది. కాలనీ రోడ్డులో, స్క్రీన్ కింద స్పీడు 94. ఒకచోట కూరగాయల సంచి పట్టుకుని రోడ్డు దాటబోతున్న పెద్దాయన ఒక్క అడుగు వెనక్కి వేశాడు. కారు దూసుకెళ్లిపోయింది. లోపల నవ్వులు.

మర్నాడు ఆ వీడియో మేనేజర్‌కి చూపించాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. సారీ చెప్పాడు. చివర్లో మాత్రం, “కుర్రాళ్లు సార్, తెలీదు. ఏదేమైనా డ్యామేజ్ ఏమీ కాలేదు కదా సార్?” అన్నాడు.

ఈ ప్రశ్నని కొట్టిపారేయడం కుదరదు. ఎందుకంటే ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు. “ఎవరికీ నష్టం లేదుగా, ఇంక తప్పేంటి?” అని మనమూ రోజూ అంటుంటాం. కాబట్టి సీరియస్‌గానే తీసుకుందాం. కంటికి కనిపించని అరుగుదల సంగతి పక్కన పెడదాం. కొత్తగా వేసిన బ్రేక్ ప్యాడ్లని మొదట్లో మెత్తగా వాడాలన్నది కూడా పక్కన పెడదాం. నిజంగానే ఒక్క పైసా నష్టం జరగలేదనుకుందాం. అప్పుడు తప్పు ఉందా, లేదా?

మూడు పణాల జరిమానా

కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణం మొదట్లో, చేతిపనుల వాళ్లకి మన వస్తువు ఇచ్చినప్పుడు ఏం జరగాలి, ఏం జరగకూడదు అన్నది వరసగా ఉంటుంది. నేతపనివాళ్లు, కంసాలులు, వైద్యులు, అందరూ వస్తారు. అందులో బట్టలు ఉతికే రజకుల గురించి చెప్పినవి చూడండి.

బట్టల్ని చెక్క పలకల మీదో, నున్నటి రాళ్ల మీదో ఉతకాలి. వేరేచోట ఉతికితే బట్టకి జరిగిన నష్టం కట్టాలి, పైగా ఆరు పణాలు జరిమానా. ఇది డ్యామేజ్ లెక్క, మనకి తేలిగ్గా అర్థమవుతుంది. తర్వాత ఇంకో మాట ఉంది. రజకులు తమ సొంత బట్టల మీద దుడ్డుకర్ర గుర్తు వేసుకోవాలి. ఆ గుర్తు లేని బట్ట వాళ్ల ఒంటి మీద కనిపిస్తే మూడు పణాలు జరిమానా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఉతకడానికి వచ్చిన పంచెని ఒక పూట కట్టుకుంటే ఏం పోయింది? ఎలాగూ మళ్లీ ఉతుకుతాడు. చిరగలేదు, పోలేదు. ఇచ్చినవాడికి తెలియను కూడా తెలియదు. అంటే అచ్చంగా మన మేనేజర్ గారి వాదనే. అయినా జరిమానా ఉంది. బట్ట పాడైనందుకు వేరే లెక్క, ఒంటి మీద వేసుకున్నందుకు వేరే లెక్క. అమ్మినా, అద్దెకిచ్చినా, తాకట్టు పెట్టినా పన్నెండు పణాలు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. ఉతకమని ఇచ్చిన బట్ట ఉతకడం వరకే అతని చేతిలో ఉంది. వస్తువు ఇచ్చినప్పుడు మనం ఒక పని కోసం ఇస్తాం. ఆ పని దాటిన క్షణంలోనే తప్పు మొదలైపోయింది. నష్టం జరిగిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

ఇప్పటి చట్టం కూడా దీనికి మరీ దూరంగా లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 154వ సెక్షన్ చదవండి. అప్పగించిన వస్తువుని ఒప్పుకున్న పద్ధతి దాటి వాడితే, ఆ వాడకంలో జరిగిన ఏ నష్టానికైనా వాడినవాడే బాధ్యుడు. అక్కడ ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకాయన కలకత్తాలో గుర్రాన్ని అద్దెకి తీసుకుంటాడు, కాశీ వెళ్లడానికని చెప్పి. తీరా కటక్ వెళ్తాడు. జాగ్రత్తగానే స్వారీ చేస్తాడు, అయినా గుర్రం పొరపాటున పడి దెబ్బ తింటుంది. బాధ్యత ఆయనదే. “జాగ్రత్తగానే నడిపాను” అన్నది చెల్లదు, ఎందుకంటే ఆ దారికి గుర్రం ఇవ్వలేదు.

అలాగని టెస్ట్ డ్రైవ్ తప్పు అనడం లేదు. స్టీరింగ్ ఊగుతోందంటే, కొన్నిసార్లు ఎనభై, తొంభై దాటితేనే అది తెలుస్తుంది. నాకు చెప్పి, అందుకు తగ్గ రోడ్డు మీద, వీల్ బ్యాలెన్సింగ్ కోసం ఆ స్పీడులో నడిపితే అది సేవ. అదే స్పీడు కాలనీలో సరదా కోసమైతే దొంగతనానికి చుట్టం.

సంతకం పెట్టని మూడో మనిషి

ఇంతవరకు నా గురించి, నా కారు గురించి మాట్లాడాను. ఇది చిన్న భాగం మాత్రమే. జాబ్ కార్డు మీద రెండు సంతకాలుంటాయి, కస్టమర్‌ది, అడ్వైజర్‌ది. కూరగాయల సంచి పట్టుకున్న ఆ పెద్దాయన సంతకం ఎక్కడా లేదు.

మన దేశంలో 2022 సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్తోంది. అందులో సుమారు 71 శాతం మరణాలకి అతివేగం కారణమని అదే నివేదికలో ఉంది. ఆ పెద్దాయన ఒక్క అడుగు వెనక్కి వేశాడు కాబట్టి ‘డ్యామేజ్ ఏమీ కాలేదు’. ఆ అడుగు ఆయన వేసింది, మన పుణ్యం కాదు. అదృష్టం కాపాడినదాన్ని మన మంచితనం ఖాతాలో రాసుకోకూడదు.

ముని చేతిలో కత్తి

మూడో విషయం నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. నా కారుకి ఏమీ కాలేదు, పెద్దాయనకీ ఏమీ కాలేదు. నడిపిన కుర్రాడికి?

వాల్మీకి రామాయణం అరణ్యకాండ తొమ్మిదో సర్గలో సీతమ్మ రాముడికి ఒక కథ చెప్తుంది. ఒక ముని అడవిలో తపస్సు చేసుకుంటుంటాడు. ఇంద్రుడు ఒక యోధుడి వేషంలో వచ్చి, ఒక కత్తిని న్యాసంగా ఆయన దగ్గర ఉంచి వెళ్తాడు. ముని మంచివాడే. ఒకరు నమ్మి ఇచ్చిన వస్తువు పోకూడదని కందమూలాలకి వెళ్లినా ఆ కత్తిని వెంట తీసుకెళ్తాడు. రోజూ చేతిలో కత్తి ఉండీ ఉండీ మెల్లగా మనసు మారుతుంది. క్రూరత్వం అలవాటవుతుంది. తపస్సు పోతుంది, చివరికి నరకానికి పోతాడు.

కత్తిని ఎవరూ ఎత్తుకెళ్లలేదు, దానికి తుప్పు పట్టలేదు. న్యాసం భద్రంగానే ఉంది, పాడైంది దాన్ని పట్టుకున్న మనిషి. సీతమ్మ చెప్పింది ఆయుధం గురించే, కానీ మనది కాని శక్తి రోజూ చేతిలోకి వచ్చే ప్రతివాళ్లకీ అది వర్తిస్తుంది. గేరు మార్చి కాలు నొక్కితే దూకే బండి కూడా ఒక శక్తే. ఈరోజు 94, ఏమీ కాలేదు. రేపు 110. ‘ఏమీ కాలేదు’ అన్న ప్రతిసారీ భయం కొంచెం కొంచెం తగ్గుతుంది.

“మరి డ్యాష్‌క్యామ్ ఉందిగా, అదే చూసుకుంటుంది” అంటారా? కెమెరా ఉంటే మనిషి జాగ్రత్తపడతాడు, నిజమే. వైర్ పీకేస్తే? మహాభారతం ఆదిపర్వంలో శకుంతల నిండు సభలో దుష్యంతుడితో అంటుంది. తప్పు చేసేవాడు ఎవరూ చూడలేదనుకుంటాడు, కానీ సూర్యచంద్రులకి, నేలకి, నీటికి, వాడి సొంత హృదయానికి అన్నీ తెలుసు అని. మిగతా సాక్షుల సంగతేమో కానీ, చివరి సాక్షి వైర్ పీకడం ఎవరి వల్లా కాదు.

మరి ఆ కుర్రాడి సంగతి?

మేనేజర్ ఇంకో మాట కూడా అన్నాడు. “మీరు ఊ అంటే వాణ్ని రేపే తీసేస్తాం సార్.” నేను వద్దన్నాను. ఒకసారి పిలవమన్నాను. ఇరవై ఏళ్లుంటాయేమో, చేతులకి గ్రీజు. తల దించుకుని, “సారీ అన్నా. మీ బండి పికప్ మస్తుందన్నా, జర ఒక్కసారి తొక్కి చూద్దామనిపించింది” అన్నాడు.

రోజంతా కార్ల కింద పడుకుని పని చేసే కుర్రాడు. వాడి జీతంతో అలాంటి కారు ఎప్పటికి కొంటాడో తెలీదు. ఆ కోరిక పాపమని నేను అనలేను. ఆ కోరికకి కాలనీ రోడ్డుని బలిపెట్టడమే పాపం. ఆ పెద్దాయన అడుగు వేసిన చోట వీడియో ఆపి వాడికి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు.

వాణ్ని తీసేస్తే ఎవరి బాధ్యత తీరుతుంది? తాళాలు ఎవరికి ఇవ్వాలో, ఎంత దూరం వెళ్లాలో, ఏ దారిలో వెళ్లాలో రూల్ పెట్టని యజమానిది తీరినట్టు కనిపిస్తుంది, అంతే. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్‌లో వ్యాలేకి తాళం ఇచ్చిన మారుతీ జెన్ దొంగతనానికి గురైంది. పార్కింగ్ ట్యాగ్ మీద ‘ఓనర్ రిస్క్’ అని రాశాం కదా అని హోటల్ వాదించింది. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తాళం తీసుకున్నాక, తమ సిబ్బంది నిర్లక్ష్యం ఉంటే ఆ అక్షరాల వెనక దాక్కోలేరని చెప్పింది. అందుకే నేను మేనేజర్‌ని అడిగింది ఒక్కటే. జాబ్ కార్డులో టెస్ట్ డ్రైవ్ చేసింది ఎవరు, వెళ్లేటప్పుడు మీటర్ ఎంత, వచ్చాక ఎంత అని రాయమన్నాను.

మీరూ అడగండి. కోపంగా కాదు, మామూలుగా. తాళం ఇచ్చే ముందు మీటర్‌ని ఫోటో తీసుకోండి. టెస్ట్ డ్రైవ్ కావాలంటే నన్నూ ఎక్కించుకోండి అని చెప్పండి. తప్పు జరిగిందని రుజువుంటే రాతపూర్వకంగా ఇవ్వండి. చూసీ చూడనట్టు వదిలేయడం క్షమ కాదు. రేపు ఆ రోడ్డు మీద నడిచేది ఇంకొకరు.

తిరిగి ఇచ్చే రోజు

న్యాసం ఎలా కాపాడాలో తెలియాలంటే భరతుణ్ని చూడాలి. పద్నాలుగేళ్లు రాజ్యం చేతిలో ఉంది. అడిగేవాడు లేడు, కెమెరా లేదు. ఆయన అయోధ్య సింహాసనం ఎక్కలేదు. నందిగ్రామంలో పాదుకల్ని పెట్టి, ఇది అన్నయ్య నా దగ్గర ఉంచినది అనుకుంటూ పాలించాడు. రాముడు తిరిగొచ్చిన రోజు ధనాగారం, ధాన్యాగారం, సైన్యం చూపించి, నీ తేజస్సు వల్ల ఇవన్నీ పదింతలయ్యాయి అన్నాడు. డ్యామేజ్ ఏమీ కాలేదు కదా అన్నయ్యా అనలేదు!

న్యాసం అంటే కారు ఒక్కటే కాదు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్, నాన్న ఇచ్చిన కార్డు, ఫ్రెండ్ ఇచ్చిన బైక్, ఒకరు నమ్మి చెప్పిన రహస్యం, ఇవన్నీ ఎవరో మన చేతిలో పెట్టిన తాళాలే. ఈరోజు మీ దగ్గర అలాంటివి ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకోండి. ఒక్కొక్కటీ ఏ పని కోసం ఇచ్చారో గుర్తు చేసుకోండి. ఆ పని దాటి వాడుతున్నది ఏదైనా ఉంటే, ఎవరూ అడగకముందే ఆపేయండి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. శుభం.