గూటిలోనికి తొంగిచూచుట ధర్మమా?

నంద్యాల నుండి గిద్దలూరు పోవు కనుమదారిలోను, ఆళ్లగడ్డ నుండి అహోబిలము పోవు త్రోవలోను ఎండు మ్రానుపై టకటకమను చప్పుడు వినవచ్చుచుండును. అది వడ్రంగి పిట్ట. ముక్కునే ఉలిగా చేసికొని మ్రానును తొలిచి, గడ్డియైనను పరువక, రాలిన పొట్టుపైననే సాధారణముగా మూడు తెల్లని గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులు వంతులు వేసికొని సుమారు 11 దినములు పొదుగును. ఈకలు లేక, కన్ను తెరువక పుట్టిన పిల్లలు ఇంచుమించు 20 దినములకు గూడు విడుచును.

పక్షిశాస్త్రము నెరిగినవారు అద్దముతోను, కర్రకొనకు కట్టిన చిన్న కెమేరాతోను ఇట్టి గూళ్లలోనికి చూచి, గ్రుడ్లెన్ని, బ్రతికిన పిల్లలెన్ని అని లెక్క వ్రాయుదురు. ఇది ధర్మమేనా?

కాదనువారి మాట త్రోసివేయదగినది కాదు. అలజడి మితిమీరిన తల్లి గూటిని విడువవచ్చును. ఎగురు దినములు సమీపించిన పిల్లలు బెదరి ముందే క్రిందికి దూకవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గ్రుడ్లను, గూళ్లను కలతపరచుటను సైతము 'వేట'గానే ఎంచినది. ఆయుధము లేని చూపు కూడ వేట కాగలదన్నమాట.

అయినను, చూడకుండుటయే దయ యని తీర్మానింపజాలము. పిట్ట విడిచిన తొఱ్ఱలో గోరువంకలు, రామచిలుకలు, పైడికంటెలు కాపురముండునని తెలిసినది చూచినవారి వలననే. మనకు వంటచెరకైన ఎండు మ్రాను పలుప్రాణులకు ఇల్లని ఎరుగనివాడు నిస్సంకోచముగా గొడ్డలి ఎత్తును. తెలివి లేని దయ గ్రుడ్డిది.

ఈ సీమలోనే మరియొక నిదర్శనము కలదు. బట్టమేక పిట్టకై 1988లో రోళ్లపాడు అభయారణ్యము వెలసినది. సాధారణముగా ఒక్క గ్రుడ్డునే నేలపై పెట్టు ఆ పక్షి నేడు దేశమంతటను అంతరించు స్థితికి వచ్చినది. అందువలననే 2019లో రాజస్థానమున అడవి గూళ్లనుండి గ్రుడ్లను తెచ్చి యంత్రములలో పొదిగించిరి. జాతియే నశించునపుడు తల్లి నుండి గ్రుడ్డును తీయుట కూడ రక్షణమే కావచ్చును. కాని ఆ ఆపద్ధర్మమును నల్లమల వడ్రంగి పిట్టకు వర్తింపజేయుట తగదు. దానికట్టి ఆపద రాలేదు.

కావున నిర్ణయము ఇట్లు చేయవలెను: ఆ చూపు ఫలము ఎవరికి చెందును? పక్షికి చెందినచో, అనుమతి పొంది, నేర్పుతో, అత్యల్పకాలము చూచుట ధర్మము. మన వేడుకకే చెందినచో అది హింస. దూరము నుండి తెలియదగినదానికై దగ్గరకు పోరాదు. తల్లిదండ్రులు ముక్కున పురుగులు పట్టి మాటిమాటికి వచ్చుచున్నచో లోన పిల్లలున్నవని చెట్టెక్కకయే తెలియును.

మనవంటి గృహస్థులకు లెక్కలు వ్రాయు పనిలేదు. మఠముల తోటలలోను, పొలముల గట్లపైనను ప్రమాదము లేని తావున నిలిచిన ఎండు మ్రాను నొకదానిని నరకక విడిచిన చాలును. గూటిలోనికి చూడకయే గూటిని కాపాడినవారమగుదుము.