కూలి కాదు, కృప

ధ్యానమునకు వాక్యభాగములు: మత్తయి 20:1–16, రోమా 4:1–8



మన అనంతపురము సీమలో కూలి అను మాటకు ఎవరును అర్థము చెప్పనక్కరలేదు. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ పీఠభూమిలో, ముంగారు పదును తప్పినయెడల వేరుసెనగ విత్తనము ఇంటిలోనే నిలిచిపోవును. అప్పుడు సొంత చేను గలవాడును పార చేతపట్టి కూలికి పోవలసినదే. కరువు పనులలో చెరువు పూడిక తీసిన తాతలు, బాటకు కంకర కొట్టిన అవ్వలు మన కుటుంబములలో ఎందరో యుండిరి. 2006 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు గ్రామీణ ఉపాధి హామీ పథకమును మన నార్పల మండలములోని బండ్లపల్లిలోనే ప్రారంభించిరి. పని కొరకు కనిపెట్టుకొనియుండు చేతులు ఇచ్చట ఎన్ని యున్నవో దేశమునకు తెలియును.

పని చేసినవానికి కూలి ఇచ్చుట న్యాయము. మస్టరులో పేరు పడి, కొలత ప్రకారము గుంత త్రవ్వినవాడు డబ్బు అడిగినప్పుడు అది బిచ్చము కాదు, హక్కు. కోత కోసినవారి కూలి బిగబట్టిన ధనికులను యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో ఎంత గట్టిగా గద్దించెనో మనము చదివియున్నాము. కావున కూలిని మనము చులకన చేయుట లేదు. అయితే ఈ కూలి లెక్కనే దేవుని సన్నిధికి మోసికొనిపోయినప్పుడు మన ఆత్మలకు గొప్ప అపాయము కలుగుచున్నది.

1. కూలి మనస్సు

"ఇన్ని ఆదివారములు గుడికి వచ్చితిమి, ఇంత కానుక వేసితిమి, ఇన్ని దినములు ఉపవాసముంటిమి, కాబట్టి దేవుడు వాన కురిపించవలెను, బోరులో నీళ్లు చూపవలెను" అని మనలో అనేకులము లోలోపల లెక్క వేసికొనుచున్నాము. వాన రాలేదు. అప్పుడేమగును? కొందరు దేవుడే తమకు బాకీపడెనని సణుగుదురు. మరికొందరు తమ లెక్కలోనే తప్పున్నదని తలంచి, మేము అయోగ్యులమని కృంగి, ప్రభువు బల్ల యొద్దకు రాక వెనుక వరుసనుండి లేచి వెళ్లిపోవుదురు. ఎండిన పంట ఒక భారము, తీరని అప్పు ఒక భారము. వాటిపైన దేవుడు మమ్మును విడిచెను అను మూడవ భారమును కూడ వారు ఎత్తుకొందురు. ఆ సమయమందు మనము పోయి, "మీ విశ్వాసము చాలలేదు గనుకనే బోరు పడలేదు" అని చెప్పినయెడల పుండుమీద కారము చల్లినట్లే గదా!

2. యజమానుని మనస్సు

ప్రభువు చెప్పిన ద్రాక్షతోట ఉపమానమును చూడుడి. మన పట్టణములలో తెల్లవారగానే కూడలియందు అన్నపు క్యారియరు పట్టుకొని నిలుచుండు కూలివారిని మనము ఎరుగుదుము. బలముగలవారిని మేస్త్రి మొదట పిలుచుకొనిపోవును. ముసలివారు, జబ్బుపడి లేచినవారు మిగిలిపోవుదురు. ఎండ ఎక్కినకొలది వారి ఆశ తగ్గును. సాయంకాలమున వట్టి చేతులతో ఇంటికి పోవుట ఎంత సిగ్గు!

ఈ ఉపమానములోని యజమానుడు ప్రొద్దు గ్రుంకుటకు ఒక్క గంట మాత్రమే యున్నప్పుడు మరల సంతకు వచ్చెను. తానే వచ్చెను. ఎవరును పిలువని మనుష్యులను తానే వెదకి పిలిచెను. తుదకు వారి చేతిలో పూర్తి దినపు దేనారమును పెట్టెను. అది వారు చేసిన పనికి కొలత కాదు, ఆయన మంచితనమునకు కొలత. ఉదయముననే వచ్చినవారు సణిగిరి. వారి కూలిలో కాసంతయు తగ్గలేదు గాని వారి సంతోషము పోయెను. ఇతరులకు దొరకిన కృపను చూచి మనము మొగము మాడ్చుకొనుచున్నామా? పరీక్షించుకొందము.

రోమా పత్రిక 4వ అధ్యాయములో పౌలు దీనినే విప్పి చెప్పుచున్నాడు. పని చేసినవానికి ఇచ్చునది బాకీ తీర్చుట. భక్తిహీనుని నీతిమంతునిగా ఎంచు దేవుని నమ్మువానికో, ఆ నమ్మికయే నీతిగా ఎంచబడుచున్నది. 6వ అధ్యాయపు చివరి వచనములో, పాపము తన పనివానికి చెల్లించు కూలి చావేయనియు, నిత్యజీవమో దేవుడు క్రీస్తునందు ఊరక ఇచ్చు బహుమానమనియు బోధించుచున్నాడు. లెక్క ప్రకారము మనకు రావలసిన కూలిని సిలువమీద క్రీస్తే పుచ్చుకొనెను. ఆయనకు చెందిన జీవమును మనకిచ్చెను. ప్రక్కన వ్రేలాడిన దొంగ ఏ మస్టరులోను ఒక్క దినము పేరు వ్రాయించుకొన్నవాడు కాడు. అయినను ఆ దినమే పరదైసు వానిదాయెను.

3. కాలువ యొద్ద, ఏటి యొద్ద

మన తెలుగు సంఘ చరిత్రలోనే ఇందుకు ఒక సాక్ష్యమున్నది. 1876–78 సంవత్సరములలో వచ్చిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువు అనిరి. అప్పటికి బళ్లారి జిల్లాలో భాగమైయున్న మన సీమయు, తూర్పున ఒంగోలు ప్రాంతమును దానివలన నలిగిపోయెను. ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు ప్రజలకు పని చూపుటకై బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొనిరి. వేలమంది మట్టి త్రవ్వి, గంపలు మోసి, కూలి తీసికొని బ్రతికిరి. పని నడుమ బోధకులు వారికి సువార్త చెప్పుచుండిరి.

చాలమంది బాప్తిస్మము కోరిరి. అయితే కూలి కొరకు, గింజల కొరకు ఎవడును క్రీస్తు నామమును ధరింపకూడదని క్లౌగారు ఒక సంవత్సరమునకు పైగా బాప్తిస్మములను నిలిపివేసిరి. 1878లో వాటిని తిరిగి ఆరంభించినప్పుడు, జూలై 3వ తేదీన ఒక్క దినముననే, వెలంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ఎక్కువమంది ఊరి వెలుపల ఉంచబడినవారు. గుడిలోనికిగాని బడిలోనికిగాని రానియ్యబడనివారు.

ప్రియులారా, ఈ రెండు స్థలములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. కాలువ యొద్ద కొలబద్ద యున్నది; త్రవ్వినంతకే కూలి. ఏటి యొద్ద కొలబద్ద లేదు. వట్టి చేతులతో నీటిలో దిగుటయే. మనలో కొందరము మారుమనస్సును కూడ కాలువ పనివలె చేయుచున్నాము.

4. విశ్వాసము ఎట్టిది?

అట్లయిన విశ్వాసమే మనము చేయవలసిన క్రొత్త పనియా? కాదు. దున్నిన చేను వానను సంపాదింపదు. పడిన వానను త్రాగును. విశ్వాసము ఆ త్రాగుటవంటిది. బలమైన విశ్వాసముగలవానికి ఎక్కువ రక్షణ, బలహీనునికి తక్కువ రక్షణ అనునది లేదు. రక్షించువాడు క్రీస్తే గాని మన నమ్మిక బలము కాదు.

అయితే పదును తగిలిన నేలలో విత్తనము మొలవకయుండునా? కృపచేత రక్షింపబడినవారు సత్‌క్రియల కొరకే సృజింపబడిరని ఎఫెసీ 2:10 తెలుపుచున్నది. మొలక వానను తెప్పింపలేదు. వాన వచ్చెననుటకు సాక్ష్యమిచ్చును.

5. వాన రానప్పుడు

మరి వాన రానే రాని యేట దేవుని ప్రేమను ఎచ్చట చూతుము? వాన కొలిచెడి గొట్టములో కాదు, సిలువలో. మనము మంచివారమైన పిమ్మట కాదు, ఇంకను పాపులమైయుండగనే క్రీస్తు మనకొరకు చనిపోయెను (రోమా 5:8). ఆయన ప్రేమనుండి మనలను ఎడబాపలేనివాటిని లెక్కించుచు పౌలు కరువును కూడ పేర్కొనెను (రోమా 8:35). కరువు రాదని అతడు చెప్పలేదు. వచ్చినను అది మనలను విడదీయజాలదనెను. చేను పండక, దొడ్డిలో పశువులు లేక పోయినను ప్రభువునందే ఆనందింతునని హబక్కూకు ప్రవక్త నిశ్చయించుకొనెను. వాన కొరకు ప్రార్థింతము, చెరువు కట్ట వేయుదము, నీటిని పొదుపు చేయుదము. గాని వాన లెక్కనుబట్టి తండ్రి ప్రేమను తూచకుందము.

ఈ నెలలో మన సంఘమునుండి మెల్లగా జారిపోయినవారి ఇంటికి పోవుదము. ఎందుకు రాలేదని నిలదీయక, వారి ప్రక్కన కూర్చుండి సంగటి తిందము. అప్పు బాధ యున్నయెడల వినుదము, చేతనైనంత చేయుదము. తుదకు ఈ ఒక్క మాట చెప్పుదము: "ప్రభువు బల్ల యొద్ద మస్టరు పిలువరు. వట్టి చేతులతో రండి. మేమును అట్లే వచ్చితిమి."

ప్రార్థన: కృపగల తండ్రీ, మేము సంపాదింపజాలని దానిని నీ కుమారునియందు మాకిచ్చితివి. కూలి మనస్సును మాలోనుండి తీసివేసి కుమారుల మనస్సును దయచేయుము. ఎండిన మా నేలను, ఎండిన మా హృదయములను జ్ఞాపకము చేసికొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.