అడిగినవారికి చెప్పాలి, ఆకలిగొన్నవారికి పెట్టాలి

అశోక్‌నగర్‌లో కోచింగ్‌ సెంటర్లు వదిలే వేళకు వీధులన్నీ పుస్తకాల సంచులతో నిండిపోతాయి. పక్కనే చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ. కాస్త దూరంలో నారాయణగూడ. అటు వెళితే అంబర్‌పేట, ఆషాఢంలో బోనాలెత్తే పేట. గుడిగంట, అజాన్‌, చర్చి కీర్తన ఒకదానికొకటి వినబడేంత దగ్గరగా ఇక్కడ మనుషులు బతుకుతున్నారు. ఇలాంటి చోట ఒక బాప్టిస్టు సంఘం తన విశ్వాసాన్ని ఇరుగుపొరుగుతో ఎలా పంచుకోవాలి? క్రీస్తును ఎరిగినవాడు ఆ మాట తనలోనే దాచుకుని ఉండలేడు. అది అతని బాధ్యత, అతని ఆనందం కూడా. అయితే చెప్పే తీరు వినేవాడి గౌరవాన్ని కాపాడాలి. ఈ విషయంలో ఒంగోలు చరిత్రను మించిన పాఠం నాకు కనబడలేదు.

అమెరికన్‌ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్‌ డే 1836లో తెలుగు నేల మీద అడుగుపెట్టారు. 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఈ పని ఆపేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్‌ జూవెట్‌ దంపతులు, కొద్దిమంది స్థానిక విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని దేవుణ్ని అడిగారు. పన్నెండేళ్లకు, 1866లో, జాన్‌ క్లౌ అక్కడ కాపురం పెట్టారు. ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసిన మనిషి. ఆ అనుభవం తర్వాత అనుకోని తీరుగా అక్కరకొచ్చింది.

1876లో మహాకరువు వచ్చింది. 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసింది. సర్కారు కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. పనికి వెళ్లిన మాదిగ కూలీలకు ఇతర శిబిరాల్లో చీదరింపులే ఎదురయ్యేవి. అప్పుడు క్లౌ స్వయంగా మూడు మైళ్లకు పైగా కాలువకు గుత్త తీసుకున్నారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పనికి తగ్గ కూలి ముట్టేది. పొద్దుగూకి పలుగూ పారా పక్కన పెట్టాక, అలసిన జనం మధ్య కూర్చుని బోధకులు యేసు కథ చెప్పేవారు. వేలమంది విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి చేతిలో పడుతున్నంతకాలం వచ్చినవాడు అన్నం కోసం వచ్చాడో, దేవుడి కోసం వచ్చాడో వాడికే తెలియకపోవచ్చు. అందుకే ఆగారు. కరువు సడలి, పనులు ఆగిపోయాక జనం మళ్లీ వచ్చారు. ఇక డబ్బు లేదు, ఊళ్లకు వెళ్లిపొమ్మని చెప్పించినా కదల్లేదు. సాయం కోరి రాలేదని, రెక్కల కష్టం మీదే బతుకుతామని చెప్పుకున్నారు. అప్పుడు గానీ నీళ్లలోకి దింపలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని రోజంతా ఇచ్చారు.

ఆ 2,222 అనే అంకెను మన సంఘాల్లో తరచూ తలుచుకుంటాం. తలుచుకోవాల్సిందే. నా మనసుకు మాత్రం అంతకన్నా పెద్దదిగా తోచేది దాని ముందరి ఏడాది, ఒక్క బాప్తిస్మమూ జరగని ఏడాది. చేతిలో తిండిగింజలున్నవాడు, ఎదురుగా ఆకలితో ఉన్నవాడు. అలాంటప్పుడు తన బలాన్ని వాడుకోకుండా నిలబడటం భక్తిలో కష్టమైన పని. అన్నం పెట్టారు, మాట చెప్పారు, రెండింటికీ ముడి మాత్రం వేయలేదు.

ఇది క్లౌ ఒక్కరి మంచితనం కాదు. బాప్టిస్టు విశ్వాసానికి పునాదిలోనే ఉన్న సంగతి. పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు, మనిషి ఎదిగి, విని, ఆలోచించి, తన నోటితో ఒప్పుకున్నాకే ఇస్తారు. ఒకరి తరఫున మరొకరు నమ్మలేరన్నది దాని భావం. 1612లో థామస్‌ హెల్విస్‌ అనే ఆంగ్లేయ బాప్టిస్టు ఏకంగా రాజు మొదటి జేమ్స్‌కే ఈ మాట రాశారు. ప్రజల ఆత్మల మీద రాజుకు అధికారం లేదని, యూదులైనా ముస్లింలైనా వారి నమ్మకానికి వారిని శిక్షించరాదని వాదించారు. దానికి ప్రతిఫలం న్యూగేట్‌ చెరసాల. పొరుగువాడి మతస్వేచ్ఛ కోసం జైలుకెళ్లినవారి వారసులం మనం. ఆ సంగతి మరిచి ఎవరి మీదైనా ఒత్తిడి తెస్తే మన బాప్తిస్మానికే అర్థం పోతుంది.

మన రాజ్యాంగం 25వ అధికరణం నమ్మకాన్ని ఆచరించడంతోపాటు ప్రచారం చేసుకునే హక్కు కూడా ఇచ్చింది. ప్రచారమంటే తన మతంలోని విషయాలను వివరించి చెప్పడమే తప్ప, ఎదుటివాణ్ని మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద న్యాయవాదుల్లో వాదోపవాదాలున్నాయి. కానీ ఒక బాప్టిస్టు దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు. మనసు మార్చేది దేవుడని, తన వంతు సాక్ష్యం చెప్పడమేనని అతను ముందునుంచీ నమ్ముతున్నాడు.

సాక్ష్యం అంటే వేదిక, మైకు గుర్తుకొస్తాయి. ఒంగోలు సీమలో అది మొదలైంది అలా కాదు. తోలు వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఊరూరా తిరిగి బంధువులకూ తెలిసినవారికీ చెప్పుకున్నారు. చెప్పులు కుడుతూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాటల్లోనే సువార్త పల్లెలకు పాకింది. క్లౌ దొర వచ్చాడంటే ఆ ఇళ్లలో అప్పటికే విన్నవాళ్లుండేవారు. ఆయన కన్నా ముందే అక్కడికి చేరింది ఒక చుట్టం మాట.

మన పేటల్లోనూ అంత గొప్ప ఉదాహరణ ఉంది. గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ప్రార్థనామందిరం. పంజాబులో 1903లో సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్‌ 1950లో దాన్ని మొదలుపెట్టారు. ఆ సహవాసం బాప్టిస్టు పేరు పెట్టుకోలేదు, అయినా నమ్మినవారికి నీటిలో ముంచి ఇచ్చే బాప్తిస్మమే అక్కడా. ఏటా జరిగే పెద్ద కూడికలకు వేలమంది వచ్చేవారు. ఎవరినీ డబ్బు అడగకూడదన్నది ఆయన నియమం. ఆరాధన అయ్యాక ప్రేమవిందు. కులం, హోదా చూడకుండా అందరూ ఒకే బంతిలో కూర్చుని తినేవారు. వాక్యాలు రాసిన అట్టలు పట్టుకుని హైదరాబాద్‌ వీధుల్లో ఊరేగింపుగా నడిచేవారు. ఆయన 2000 సెప్టెంబరు 17న కన్నుమూస్తే నారాయణగూడ శ్మశానవాటికలో సమాధి చేశారు. అక్కడి బోధ ఎంతమందిని కదిలించిందో నేను లెక్కకట్టలేను. ఒకే బంతిలో భోజనం మాత్రం, పక్కపక్కన కూర్చోవడమే ఎరగనివారికి, ఏ ప్రసంగమూ చేయలేని పని చేసింది.

అశోక్‌నగర్‌కు తిరిగి వద్దాం. ఊళ్లలో అమ్మానాన్నలు అప్పుచేసి పంపిన పిల్లలు గ్రూప్స్‌ నోటిఫికేషన్‌ కోసం ఇరుకు గదుల్లో ఏళ్లతరబడి కాచుకుని ఉంటున్నారు. ఫలితాలొచ్చిన రాత్రి వాళ్లకు మాట్లాడే మనిషి కావాలి. అలాంటి ఘడియలో మనసు మెత్తబడి ఉంటుంది. క్లౌ ఎదుట ఉన్న పరీక్షే ఇప్పుడు మన ఎదుట ఉంది. ఆ పిల్లవాడి పక్కన కూర్చోండి, భోజనం పెట్టండి, అతను అడిగితే ప్రార్థన చేయండి. నిర్ణయం మాత్రం ఆ రాత్రి అడగకండి.

ఇంకో మాట దాచకూడదు. ఎస్సీ కుటుంబంలో పుట్టినవారు క్రైస్తవం స్వీకరిస్తే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రాల్లో వారిని బీసీ-సీ కింద లెక్కిస్తారు, ఆ కోటా ఒక్క శాతం. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ ఉత్తర్వు సడలించారు, క్రైస్తవులకు సడలించలేదు. ఇది అన్యాయమని నేను నమ్ముతాను. ఆశ చూపి మతం మారుస్తున్నారనే నింద వేసేవారు ఈ లెక్క కూడా చూడాలి. దళిత విశ్వాసికి బాప్తిస్మం పోగొట్టుకునే వ్యవహారమే. ఉద్యోగ పరీక్షకు చదువుతున్న యువకుడు బాప్తిస్మం అడిగినప్పుడు పాస్టరు గారు ఈ నిజాన్ని ముందే విప్పి చెప్పాలి. క్రీస్తు కూడా తన వెంట వస్తానన్నవారిని ముందు ఖర్చు లెక్కచూసుకోమన్నాడు.

అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఫిలిప్పు కథ చూడండి. రథంలో చదువుకుంటూ వెళ్తున్న ఇతియోపీయుడి దగ్గరకు వెళ్లి, చదివేది అర్థమవుతోందా అని అడిగాడు. ఆయన పిలిచాకే రథమెక్కాడు. ఆయన చదువుతున్న చోటినుంచే మొదలుపెట్టి చెప్పాడు. నీళ్లు కనబడినప్పుడు బాప్తిస్మం సంగతి ఎత్తింది ఇతియోపీయుడే.

మా పేటల సంఘ పెద్దలకు నా మనవి ఇది. వారంలో చాలా రోజులు తాళం వేసి ఉండే చర్చి హాలును చదువుకునే పిల్లలకు తెరవండి. ఫ్యాన్లు, లైట్లు, తాగునీళ్లు, పరీక్షల రోజుల్లో ఒక పూట భోజనం చాలు. వచ్చినవారి కులమూ మతమూ అడగవద్దు, సంతకం పెట్టించుకోవద్దు, ఆదివారం రమ్మని షరతు పెట్టవద్దు. బీరువాలో బైబిళ్లు ఉంచండి. ఎందుకింత చేస్తున్నారని ఎవరైనా అడిగితే, అప్పుడు దాచకుండా, భయపడకుండా, యేసు పేరు చెప్పండి.